నల్లబడ్డ అతుకు

కిందటి వారం మనం సన్నతీగను రంగు తొట్ల షెడ్డు గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. చెప్పులు విప్పి చేతిలో పట్టుకుంది గానీ లోపలికి అడుగు పెట్టడానికి కాళ్ళు రావడం లేదు. ఆమె స్వయంగా అతికిన చక్రాల కుర్చీ లోపల ఆమ్లపు తొట్టిలో మునిగి ఉంది. ఆ తొట్టిలో కరెంటు పెట్టి అల్యూమినియం పైపొరను గట్టిపరుస్తారు. పైకి తీసినప్పుడు గొట్టాలూ అతుకులూ అన్నీ ఒకే వెండిరంగులో ఉండాలి. ఉంటే, కుర్చీలు చేయించే మేడమ్ ఆ పనంతా వీళ్ళ షెడ్డుకే ఇస్తుంది. నాన్న పోయాక కుంటుతున్న పలచటి గొట్టాల సన్నపని మళ్ళీ లేచి నిలబడుతుంది, ఆ పనికి సన్నతీగ పెద్ద చెయ్యి అవుతుంది. లేకపోతే సన్నపనికి తాళం వేసి గేట్లూ కిటికీ ఊచలూ చేసుకుందామని అక్క మొగుడు, బావ, ముందే తేల్చేశాడు.

గేట్లు చెయ్యడం ఆమెకు రాదని కాదు. వచ్చు, కానీ అందులో ప్రాణం లేదు. గోరు మందం కూడా లేని అల్యూమినియం గొట్టాన్ని, కుట్టుదారం కంటే కాస్త లావైన తీగతో, చిల్లు పడకుండా అతకడం ఒక్కటే ఆమెకు ఈ లోకంలో తనదనిపించిన పని. ఆ పేరు కూడా అందుకే వచ్చింది. మొదట్లో వీధిలో వాళ్ళు వెటకారానికి పిలిచారు, తర్వాత ముద్దుగా పిలిచారు, ఇప్పుడు అసలు పేరు అడిగితే ఆమే ఒక్క క్షణం ఆలోచించుకుంటుంది.

"అక్కడే ఉంటావా, ముహూర్తం చూసుకుని వస్తావా?" అని లోపలినుంచి కేకేశాడు తొట్టి పెద్దాయన.

ఆయన కొక్కెం లాగాడు. కుర్చీ చట్రం నీళ్ళు కారుస్తూ పైకి లేచింది. గొట్టాలు వెన్నెలలా ఉన్నాయి. వీపు గొట్టం, చేతులు ఆనే గొట్టాలు, కాళ్ళు పెట్టుకునే చోటు, ఎక్కడా మచ్చ లేదు. అతుకులు మాత్రం నల్లగా ఉన్నాయి. ప్రతి మూల దగ్గరా, గొట్టం చుట్టూ కాటుక గీసినట్టు ఒక నల్లటి పట్టీ. తెల్లచీర మీద సిరా ఒలికితే ఎంత దూరం నుంచైనా కనబడుతుంది చూడండి, అలా కనబడ్డాయి.

"ఏం తీగ వాడావమ్మా?" అన్నాడు పెద్దాయన మెల్లగా.

"మెగ్నీషియం తీగ. ఎప్పుడూ అదే కదా బాబాయ్."

"కాదు తల్లీ. ఇది సిలికాన్ తీగ. ఈ తొట్టి దగ్గర జుట్టు నెరిసిపోయింది నాకు. మెగ్నీషియం తీగ ఇందులో తెల్లగానే ఉంటుంది. సిలికాన్ తీగే ఇలా మొహం మాడ్చుకుంటుంది."

ఆ సంగతి సన్నతీగకు తెలియదా? తెలుసు. ఈ రెండు తీగలూ రీలు మీది కాగితం చింపేస్తే కవలల్లా ఉంటాయి. సన్నదనం ఒకటే, మెరుపు ఒకటే. అతికాక కూడా మామూలు కంటికి తేడా తెలియదు. తొట్టిలో దింపితే గానీ ఎవరి బుద్ధి ఏమిటో బయటపడదు. అందుకే వాళ్ళ షెడ్డులోకి సిలికాన్ తీగను నాన్న ఏనాడూ రానివ్వలేదు. ఒక షెడ్డులో ఇద్దరు కవలలుంటే ఏదో ఒకరోజు ఒకర్ని పిలిస్తే ఇంకొకరు పలుకుతారని ఆయన భయం.

"దుకాణంవాడు తప్పు రీలు ఇచ్చుంటాడు," అంది ఆమె. అలా అనుకోవడానికి ఎంత హాయిగా ఉందో! దుకాణంవాడిని తిట్టుకోవచ్చు, వెళ్ళి నాలుగు దులపొచ్చు, మేడమ్ కాళ్ళావేళ్ళా పడి ఇంకో అవకాశం అడగొచ్చు. ఆ హాయి పట్టుమని పది నిమిషాలు కూడా నిలవలేదు. తడి ఆరిందేమో చూద్దామని వంగి, ఒక మూలను బొటనవేలితో తుడిచింది. నల్లటి పట్టీ చివర ఒక చిన్న తెల్లటి చుక్క, కందిగింజలో సగం ఉంటుంది, మిలమిలా మెరుస్తోంది. రెండో మూల చూసింది. అక్కడా ఉంది. మూడో మూల చూడటానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

ఆ చుక్కల సంగతి చెప్పాలి. గొట్టాలను ఒకదానికొకటి ఆనించి నేరుగా అతుకు వేసెయ్యరు. ముందు అక్కడక్కడ తీగ కరిగించి చుక్కలు పెట్టి కదలకుండా నిలబెడతారు. వాళ్ళ షెడ్డులో ఆ చుక్కలు ఇంటిపెద్ద చేతితో పడాలన్నది నాన్న పెట్టిన పద్ధతి. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆయన పెట్టాడు, పోయాక అక్క పెడుతోంది. అక్క ఒకప్పుడు అతుకులూ వేసేది. సన్నతీగకు వెల్డింగ్ గన్ను పట్టుకోవడం నేర్పింది కూడా అక్కే. తర్వాత కుడిచేతికి సన్నటి వణుకు వచ్చింది. చుక్క పెట్టడానికి ఒక్క క్షణం చాలు, ఊపిరి బిగబడితే వణుకు కూడా ఆగుతుంది. అతుక్కి అలా కుదరదు. అందుకని అక్క చుక్కలు పెట్టి, గొట్టాలు తుడిచి, గన్నులో రీలు ఎక్కించి ఇస్తుంది. చెల్లెలు అతుకు వేస్తుంది. అతుకు వేసేటప్పుడు సన్నతీగ చుక్క మీదికి పూర్తిగా ఎక్కదు. రెండుసార్లు వేడి తగిలితే ఆ పలచటి గొట్టం చిల్లు పడుతుంది. చుక్క సగానికి వచ్చి ఆగిపోతుంది. అందుకే ప్రతి మూలలోనూ సగం చుక్క బయట మిగులుతుంది.

చుక్క తెల్లన. అతుకు నల్లన. అంటే చుక్కలు పెట్టినప్పుడు గన్నులో ఉన్నది మంచి తీగ, అతుకు వేసినప్పుడు ఉన్నది ఇంకొకటి. దుకాణంవాడు రీలు మధ్యలోకి వచ్చి తీగ మార్చడు కదా.

చుక్కలు పెట్టాక చట్రం చల్లారాలి. చల్లారేదాకా సన్నతీగ కుళాయి దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కుని, కాసేపు గాలి పీల్చుకుని వస్తుంది. చట్రానికి ఎవరి జిడ్డుచెయ్యీ తగలకుండా అక్క కాపలా కూర్చుంటుంది. ఆ రోజూ అలాగే కూర్చుంది. సన్నపని చోటుకు వేసిన తెర లోపలికి మరెవరూ రారు. కంచే చేను మేసిందన్న మాట ఆమె చిన్నప్పటినుంచీ వింటోంది, ఇప్పుడు ఆ కంచెను చేత్తో తడిమి చూసినట్టయింది.

అంతకంటే ఘోరం ఇంకొకటి గుర్తొచ్చింది. ఆ రోజు అతుకు వేస్తుంటే లోహం ఎన్నడూ లేనంత మెత్తగా, నీళ్ళలా పారింది. ఎప్పుడూ అతుకు పక్కన పట్టే మసి పట్టలేదు. సిలికాన్ తీగ గుణమే అది. సన్నతీగ కళ్ళకు ఆ తేడా కనబడింది, చేతికి తెలిసింది. కానీ ఆమె బుర్ర దాన్ని వేరే లెక్కలో వేసుకుంది. గొట్టాలు శుభ్రంగా ఉంటేనే మసి రాదు కదా! మొహం మీది ముసుగు పైకెత్తి, "అక్కా, ఏం తుడిచావే! మసి చుక్కన్నా లేదు. ఇంత బాగా ఎప్పుడూ రాలేదు నాకు," అని అక్క చెయ్యి లాక్కుని కళ్ళకద్దుకుంది. అక్క చెయ్యి వెనక్కి తీసేసుకుని, "చాల్లే, పని చూసుకో," అంది. మొహమాటం అనుకుంది సన్నతీగ.

ఏ చెయ్యి తన గొంతు కోసిందో ఆ చేతినే కళ్ళకద్దుకుంది. ఆ సంగతి తట్టగానే ఆమె తొట్టి గోడ పట్టుకుని నిలబడింది. పెద్దాయన నీళ్ళిచ్చాడు.

"ఇది రుద్దితే పోతుందా బాబాయ్?" అని అడిగింది, పోదని తెలిసి కూడా.

"పోదమ్మా. లోపలినుంచే వచ్చిన నలుపు అది."

ఆమె చట్రాన్ని భుజాన వేసుకుని బయల్దేరింది. అది ఎంత తేలికంటే, చిన్నపిల్లలు కూడా ఎత్తేస్తారు. ఆ తేలిక కోసమే కదా ఇన్నాళ్ళ పాట్లు. వీధిలో ఇస్త్రీ బల్ల దగ్గరావిడ పెట్టె ఆపి, "ఏంటమ్మా సన్నతీగా, కుర్చీ నిన్ను మొయ్యాలి గానీ నువ్వు దాన్ని మోస్తున్నావేంటి?" అని నవ్వింది. సైకిలు షాపువాడు, "బావుంది అక్కా, నల్ల గీతలు డిజైనా?" అన్నాడు. సన్నతీగ ఇద్దరికీ నవ్వే సమాధానం చెప్పింది. ఏడుపు మొహం వీధిలో పెడితే సాయంత్రానికి ఊరంతా ఓదార్చడానికి వస్తుందని ఆమెకు తెలుసు.

షెడ్డులో అక్క ఒక్కతే ఉంది. పొద్దున్న బావే వచ్చి తలుపులు తీశాడు. ఇంటిపని తెముల్చుకుని మధ్యాహ్నం రమ్మంటే అక్క అప్పుడే వచ్చి బల్ల ముందు కూర్చుంది. సన్నపని చోటుకు గాలి తగలకూడదని కట్టిన మందపాటి తెర ఎప్పటిలాగే వేసి ఉంది. గాలి వీస్తే అతుకును కాపాడే గ్యాసు చెదిరిపోతుంది, అందుకే ఆ తెర. అక్క ఏదో గొట్టాన్ని గుడ్డతో తుడుస్తోంది. సన్నతీగ చట్రాన్ని తెచ్చి సరిగ్గా ఆమె ముందు, బల్ల మీద పెట్టింది.

అక్క చూసింది. నల్లటి పట్టీలన్నీ చూసింది. చూసి, మళ్ళీ గొట్టం తుడవడం మొదలుపెట్టింది.

అదే, అదొక్కటే చాలు. అయ్యో ఇదేంటే అనలేదు, ఎలా జరిగిందే అనలేదు, దుకాణంవాడిని తిట్టలేదు. వచ్చే దారిలో సన్నతీగ మనసులో ఒక మూల, అక్క గుండెలు బాదుకుంటుందేమో, తను అనుకున్నదంతా అబద్ధమేమో అన్న ఆశ ఒకటి మిగిలుంది. అది కూడా పోయింది.

"ఎందుకు చేశావక్కా?"

"ఏం చేశాను?"

"తీగ మార్చావు."

"నేనెందుకు మారుస్తానే? తొట్టిలో ఏదో తేడా జరిగుంటుంది."

"తొట్టిలో తేడా జరిగితే నీ చుక్కలు కూడా నల్లబడేవి." సన్నతీగ వేలు పెట్టి చూపించింది. "చూడు. నువ్వు పెట్టినవి ఎలా మెరుస్తున్నాయో. నావే నల్లగా ఉన్నాయి."

అక్క వంగి చూసింది. ఈ చుక్కల సంగతి ఆమెకు తట్టలేదన్నమాట. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి వెల్డింగ్ రాదు కాబట్టి సరిపోయింది, చెల్లెలికి వచ్చు. అక్క చేతిలో గుడ్డ ఆగిపోయింది. చెయ్యి మాత్రం వణుకుతోంది, ఊపిరి బిగబట్టినా ఆగలేదు.

"చెప్పక్కా. నేను నీకేం చేశాను?"

"నువ్వేం చేశావో నీకు తెలీదు. అదే నా బాధ," అంది అక్క. గొంతు పెంచలేదు. "మేడమ్ మొదటిసారి వచ్చిన రోజు గుర్తుందా? నన్ను చూపించి ఈవిడెవరు అనడిగింది. నువ్వేమన్నావు?"

సన్నతీగకు గుర్తులేదు.

"'తుడుస్తారండీ' అన్నావు. మా అక్క అనలేదు. నాకు పని నేర్పింది అనలేదు. చుక్కలు పెడుతుంది అని కూడా అనలేదు. తుడుస్తారండీ! బయట మనిషిని చెప్పినట్టు. ఆవిడ సరేనని తల తిప్పేసుకుంది. మళ్ళీ నావైపు చూడలేదు."

"అక్కా, నేను ఆ తొందరలో..."

"తొందరలోనే అసలు మాట బయటికొస్తుంది. నువ్వు గన్ను పట్టుకుంటే జనం చుట్టూ చేరి చూస్తారు. నేను బ్రష్షు పట్టుకుంటే కాస్త జరగమ్మా అంటారు. నాన్న దగ్గర నీకంటే ముందు నేర్చుకున్నదాన్ని. నీ మొదటి అతుకు పట్టుకుని ఏడుస్తుంటే, చిల్లుల మీద చిల్లులు పెట్టి ఏడుస్తుంటే, నీ చేతి మీద చెయ్యి వేసి నడిపించింది నేను. ఈ కుర్చీ పనొస్తే ఇక అంతా నువ్వే. చుక్కలు కూడా నువ్వే పెట్టుకుంటావు. నేనేం చెయ్యాలి? తుడుస్తూ కూర్చోవాలి. పాత పనే ఉంటే, గేట్లే చేసుకుంటుంటే, నేనింకా ఈ షెడ్డుకి పెద్దదాన్ని. లావుపనికి ఈ వణుకు అడ్డం రాదు."

సన్నతీగకు ఒక్కసారిగా సిగ్గేసింది. ఆ మాట తను అనే ఉంటుంది. అనలేదని ప్రమాణం చెయ్యలేదు. ఎంత తేలిగ్గా అనేసి ఉంటే అసలు గుర్తే లేకుండా పోయింది! కానీ సిగ్గు వెనకాలే కోపం తన్నుకొచ్చింది.

"తిట్టుండాల్సింది. ఆ రోజు సాయంత్రమే నా చెంప పగలగొట్టుండాల్సింది. పడేదాన్ని. నువ్వు నాకు తల్లి లాంటిదానివి అక్కా, నిజంగా పడేదాన్ని. అంతేగానీ నవ్వుతూ రీలెక్కించి నా చేతికిస్తావా? నీ చేతిలోంచి తీసుకున్నది ఏదైనా నేనెప్పుడైనా చూసుకున్నానా? నువ్వు తుడిచిన గొట్టం మళ్ళీ తడిమి చూశానా? ఇకమీదట ఎవరు ఏమిచ్చినా మూత తీసి చూసుకోవాలి నేను. పెద్దయ్యాక నువ్వు నేర్పిన పాఠం ఇదా?"

అక్క కళ్ళు తుడుచుకుంది, అదీ ఆ గొట్టం గుడ్డతోనే. సన్నతీగకు ఆమె చేతిలోంచి గుడ్డ లాగేసి మంచి గుడ్డ ఇవ్వాలనిపించింది. అంత కోపంలోనూ అలా అనిపించినందుకు తనమీద తనకే చిరాకు పుట్టింది.

"తీగ ఎక్కడిది?" అని అడిగింది.

"ఏ తీగ?"

"అక్కా! మన షెడ్డులో సిలికాన్ తీగ లేదు. ఎప్పుడూ లేదు. ఎక్కడినుంచి తెచ్చావు?"

"బజార్లో కొన్నాను."

"నువ్వు బజారుకెళ్ళి ఎన్నాళ్ళయింది? కూరగాయలు కూడా బావే తెస్తాడు నీకు."

సరిగ్గా అప్పుడే బయట బావ గొంతు వినబడింది, తేనె పూసుకున్న గొంతు. "రండి మేడమ్, రండి. ఆ గడప కాస్త ఎత్తు, నేను పట్టుకుంటా ఉండండి."

మేడమ్ తన కుర్చీని తనే తోసుకుంటూ లోపలికి వచ్చింది. అది పాత ఇనపకుర్చీ, గడప ఎక్కేటప్పుడు ఆవిడ మెడనరాలు బిగుసుకున్నాయి. బావ పట్టుకుంటానన్నాడే గానీ ఆవిడ పట్టుకోనివ్వలేదు. తన కుర్చీ బరువు తనకు తెలుసు కాబట్టే తేలిక కుర్చీలు చేయించాలని ఆవిడ ఇన్ని షెడ్లు తిరుగుతోంది. వచ్చీరాగానే బల్ల మీది చట్రాన్ని చూసింది. ఒళ్ళోకి తీసుకుని, తిప్పి తిప్పి చూసి, ఒక నల్లపట్టీ మీద వేలు నిలిపింది.

"రంగు నలుపైనా ఎరుపైనా నాకు పట్టింపు లేదు," అంది. "నేను చెప్పిన తీగ ఇది కాదు. ఏ తీగతో అతికారో తెలియని కుర్చీలో మనిషిని ఎలా కూర్చోబెట్టమంటారు? ఎవరు చేశారు ఇది?"

సన్నతీగ అక్కవైపు చూసింది. చెప్పు అక్కా, అన్నట్టు చూసింది. పూర్తిగా చెప్పక్కర్లేదు, పొరపాటున రీలు మారింది, నేనే ఎక్కించాను అంటే చాలు. ఆ ఒక్క మాట అంటే జరిగినదంతా మింగేయడానికి ఆమె సిద్ధంగా ఉంది. ఎంత సిద్ధంగా ఉందంటే, క్షమించేసినట్టు లోపల అప్పుడే అనిపించింది కూడా.

అక్క మొగుడివైపు చూసింది. బావ గొంతు సవరించుకున్నాడు.

"మా చెల్లే చేసిందండీ," అంది అక్క. "మొత్తం తనే."

మొదటిది చాటుగా జరిగింది. ఇది కళ్ళల్లోకి చూసి జరిగింది. సన్నతీగకు ఏడుపు రాలేదు, ఒళ్ళంతా చల్లబడింది. చిన్నప్పుడు అమ్మ కొడుతుందని భయమేస్తే ఎవరి కొంగు వెనక దాక్కునేదో, ఆ మనిషే తనను ముందుకు తోసింది. ఇక దాక్కోవడానికి ఈ లోకంలో చోటు లేదనిపించింది.

"అవును మేడమ్," అంది ఆమె. "అతుకు నాది. తీగ నాది కాదు."

"మరి ఎవరిది?"

సన్నతీగకు అక్క చెయ్యి కనబడింది. బల్ల అంచు పట్టుకుని ఉంది, అయినా వణుకుతోంది. వెన్నుపోటు పొడిచిన చెయ్యి వణుకుతుంటే జాలి పడే వెర్రిబాగులవాళ్ళు లోకంలో ఉంటారు, మన సన్నతీగ ఆ జాతి.

"అది మా ఇంటి సంగతి మేడమ్, నేను చూసుకుంటాను. మీకు కావాల్సింది కుర్చీ. ఇంకోటి చేస్తాను. ఇప్పుడే, మీ ముందే. రీలు మీరే చూసి, మీ చేత్తోనే ఎక్కించండి. గొట్టాలు కోసినవి ఉన్నాయి. అతుకు అయ్యాక తొట్టి దగ్గరికి కూడా మీరే తీసుకెళ్ళండి. అప్పుడూ నల్లబడితే ఈ గన్ను మళ్ళీ ముట్టుకోను."

బావ నవ్వాడు. "ఎందుకమ్మా ఇంకా ఆవిణ్ణి ఇబ్బంది పెట్టడం? ఒకసారి పరువు పోయింది చాల్లే. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?"

"నాకేం ఇబ్బంది లేదు," అంది మేడమ్. "మధ్యాహ్నమంతా ఖాళీయే. కూర్చోమంటే కూర్చుంటా, నేను రోజూ చేసే పనే కదా." ఆవిడ సన్నతీగను పైనుంచి కిందికి చూసింది. "చెయ్యమ్మా. చూస్తాను."

సన్నతీగ గుండె ఒక్క గంతు వేసింది. పొద్దుటినుంచీ మొదటిసారి ఊపిరి పూర్తిగా అందింది. గబగబా వెళ్ళి తెర పక్కకు లాగింది.

లోపల బల్ల ఉంది. గ్యాసు సిలిండరు గొలుసుతో కట్టి అలాగే ఉంది. ముసుగు మేకుకు వేలాడుతోంది. వెల్డింగ్ మిషను లేదు, దానికి తగిలించి ఉండే గన్నూ లేదు. నాన్న కాలం నుంచి అది నిలబడ్డ చోట నేల మీద నలుచదరంగా ఒక తెల్లటి జాగా, చుట్టూ ఏళ్ళ తరబడి పేరుకున్న మురికి. ఆమె తెర పట్టుకుని అలాగే నిలబడింది. ఎత్తుకుపోయారా అని కూడా అనుకుంది ఒక్క క్షణం.

"అరవకు," అన్నాడు బావ వెనకనుంచి. "దొంగలెవరూ రాలేదు. ఎదురు షెడ్డు వాళ్ళకి అమ్మేశాను. పని పోయాక మిషనుకి దుమ్ము పట్టించి ఏం చేసుకుంటాం? పొద్దున్నే వచ్చి తీసుకెళ్ళారు. చెబుదామనే అనుకుంటున్నా."

సన్నతీగ మెల్లగా ఇటు తిరిగింది.

"పొద్దున్నా?" అంది.

"ఆఁ, పొద్దున్నే."

"పొద్దున కుర్చీ ఇంకా తొట్టిలోనే ఉంది కదా బావా. పని పోతుందని మీకెలా తెలుసు?"

బావ మాటకారి. ఎండలో నిలబెట్టి వెన్నెలంటే ఒప్పించగలడు. అలాంటివాడు తేలు కుట్టిన దొంగలా మేడమ్ వంక చూశాడు, నేల వంక చూశాడు, ఏదో అనబోయాడు. కానీ ఆయనకంటే ముందు అక్క లేచింది. బల్ల మీది గొట్టం దొర్లి కింద పడింది, ఆమె పట్టించుకోలేదు. తెర దగ్గరికి నడిచి, ఆ ఖాళీ జాగా చూసి, మొగుడి మొహంలోకి చూసింది.

"పని ఒక్కటే పోతుందన్నారు," అంది. "మిషను ఎక్కడికీ పోదన్నారు. నాన్న మిషను కదా, ఎవరూ ముట్టుకోరని నా మీద ఒట్టేసి చెప్పారు. తీగ నా చేతిలో పెట్టినప్పుడు చెప్పారా లేదా?"

"అబ్బా, ఇప్పుడా మాటలు? మనుషులున్నారు..."

"చెప్పారా లేదా?"

సన్నతీగ అక్క మొహం చూసింది. ఆ చూపు ఆమెకు కొత్తది కాదు. ఇందాక తొట్టి గోడ పట్టుకుని నిలబడ్డప్పుడు తన మొహం ఎలా ఉందో ఆమె చూసుకోలేదు గానీ, ఇలాగే ఉండి ఉంటుంది. మంచి పనయింది అని లోపలెక్కడో ఒక చిన్న గొంతు అంది. దాన్ని తొక్కిపెట్టడానికి ఆమెకు చాలా కష్టమైంది.

వీధికి అవతల, ఎదురు షెడ్డులో, మిషను మోగింది. సన్నటి తీగ సరిగ్గా పారుతున్నప్పుడు వచ్చే చప్పుడు కాదది. టపటపా పేలుతూ, ఆగుతూ, మళ్ళీ అంటుకుంటూ, పని రానివాడి చేతిలో గింజుకుంటోంది. నలుగురూ విన్నారు. మేడమ్ కూడా వింది, కానీ ఆవిడకు అందులో ఏం వినబడిందో తెలియదు. సన్నతీగకు మాత్రం తన పిల్లను ఎవరో కొడుతున్నట్టు వినబడింది.

ఆమె మేకు మీది ముసుగు తీసుకుని చంకలో పెట్టుకుంది. గోడవారగా ఉన్న కోసిన గొట్టాల కట్ట భుజాన వేసుకుంది. మంచి తీగ రీలు అలమారాలోంచి తీసి, దాని మీది కాగితం తనే చదువుకుని, మేడమ్ ఒళ్ళో పెట్టింది.

"మధ్యాహ్నమంతా ఖాళీ అన్నారు కదా మేడమ్. ఎదురుగా వెళ్దాం పదండి."

"వాళ్ళు నిన్ను గుమ్మం తొక్కనిస్తారా?" అన్నాడు బావ, గొంతులో తేనె ఎండిపోయి.

"ఆ చప్పుడు వింటున్నారుగా. రెండు చేతులా పిలుస్తారు."

మేడమ్ అప్పటికే కుర్చీని గడపవైపు తిప్పింది. సన్నతీగ ఆమె వెనకే నడిచింది. బావ ఏదో గొణిగాడు, ఆమె వినలేదు. గుమ్మం దాటబోతుండగా అక్క గొంతు వినబడింది. ఏడుపు గొంతు కాదు, బతిమాలుతున్న గొంతూ కాదు. రోజూ పొద్దున్నే పని మొదలుపెట్టే ముందు అడిగే మామూలు గొంతు.

"గొట్టాలు తుడవకుండానే తీసుకెళ్తున్నావు. అక్కడెవరు తుడుస్తారే నీకు?"

సన్నతీగ గుమ్మంలో ఆగిపోయింది.